ప్రాజెక్టు రిపోర్టుల్లో కాపీని సాఫ్ట్‌వేర్ శాతంతో తేల్చేయొచ్చా?

డిగ్రీ మేడమ్: మా కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టులకు సిమిలారిటీ (వేరే రాతలతో కలిసిందని సాఫ్ట్‌వేర్ చూపించే భాగం) 10 శాతం దాటితే వెనక్కి పంపాలంటున్నారు. థీసిస్‌లకు యూజీసీ 2018లో పెట్టిన లెక్క ఇది. 10 వరకు పర్వాలేదు. 40 వరకు అయితే ఆరు నెలల్లోపు దిద్ది ఇవ్వాలి. 60 వరకు అయితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వడానికి లేదు. అది కూడా దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. నాకైతే సబబే అనిపిస్తోంది. గీతంటూ లేకపోతే మొహం చూసి మార్కులేస్తారు.

పీహెచ్‌డీ మూడో ఏడు: మేడమ్, పేరు చెప్పి కోట్ చేసినవి, రిఫరెన్సులు, సమీకరణాలు లెక్కలోంచి తీసేయాలనీ అందులోనే ఉంది. అందరికీ తెలిసిన సంగతైతే వరసగా 14 పదాలు కలిసినా వదిలేయమంది. ఆ ఫిల్టర్లు పెట్టేదెవరు? నా మొదటి రిపోర్టు 27 శాతం. గైడ్ గారు వారం రోజులు మొహం తిప్పుకున్నారు. తీరా చూస్తే సగం పైగా రిఫరెన్సుల జాబితానే!

గేటు ముందు డీటీపీ: మరి తెలుగు థీసిస్‌ల సంగతో? పాతకాలపు అను ఫాంట్లలో కొట్టిన పీడీఎఫ్‌లోంచి అక్షరాలు లాగితే పిచ్చి గుర్తులొస్తాయి. స్కాన్ చేసినవైతే ఒట్టి బొమ్మలు. థీసిస్‌లు పెట్టే శోధగంగ వెబ్‌సైట్లో ఉన్నా మిషన్ వాటిని చదవలేదు. ఎత్తిరాసినవాడికి సున్నా, ఒళ్లొంచి రాసినవాడికి 27. మా దగ్గరికొచ్చి 'అన్నా, శాతం తగ్గించి పెట్టు' అంటారు. 'ప్రభావం' తీసి 'పర్యవసానం' పెడితే తగ్గిపోతుంది. అర్థం చెడితే చెడనీ, అడిగేవాళ్లెవరు!

డిగ్రీ మేడమ్: అలాగని 60 మందినీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగే తీరిక నాకెక్కడిది? ఇప్పుడు చాట్‌జీపీటీ ఒకటి. దానికి, మిషన్ రాసిందో మనిషి రాసిందో చెప్పే ఏఐ డిటెక్టర్ పెడదామా?

హైస్కూల్ మాస్టారు: వద్దు మేడమ్. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే సరిగా పట్టడం లేదని 2023 జులైలో తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష వ్యాసాలు పెట్టి చూస్తే, డిటెక్టర్లు సగానికి పైగా వాటిని మిషన్ రాసిందన్నాయి. రాసినవాళ్లు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు. మన పిల్లల ఇంగ్లిషూ అలాంటిదేగా.

నేను ప్రశ్నే మారుస్తాను. 'నీటి సంరక్షణ' అనిస్తే నెట్‌లో బోలెడుంది. 'మీ ఊరి చెరువు కింద ఎవరెవరు ఏం పండిస్తున్నారు, అడిగి రాయండి' అంటే ఎక్కణ్నుంచి ఎత్తుతారు? మొదటి పేజీ క్లాసులోనే, చేత్తో రాయిస్తాను. తర్వాత టైపు చేసి తెచ్చిన దాని పక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. ఒకమ్మాయి పక్కింటి రైతు లెక్కలన్నీ తప్పుగా వేసుకొచ్చింది. ఆ తప్పులే చెప్పాయి, సొంతంగా రాసిందని.

డిగ్రీ మేడమ్: సరే, శాతం ఎక్కువొచ్చిన వాళ్లని పిలిచి అడుగుతాను, తిప్పి పంపను. గీత మాత్రం ఉండాల్సిందే, అందులో నేను మారను. డీటీపీ గారూ, మీ షాపుకి మా కాలేజీ పిల్లలు ఎంతమంది వచ్చారేం?

గేటు ముందు డీటీపీ: అది మాత్రం అడక్కండి మేడమ్, సీజన్ మొదలైంది.