తెలుగు స్పెల్‌చెకర్ మన చేతికొచ్చింది: జీపీఎల్ తీసేసి ఎంఐటీ పెట్టొచ్చా?

కూకట్‌పల్లి కోడర్:
అందరికీ నమస్కారం. మాదాపూర్‌లోని ఒక చిన్న కంపెనీ పదేళ్లుగా నడిపిన తెలుగు స్పెల్‌చెకర్‌ని ఇక చూసుకోలేమంటూ రెపోను, అంటే కోడ్ అంతా ఉండే చోటును, మన వాలంటీర్లకు అప్పగించింది. లైసెన్స్ జీపీఎల్ 3. దాన్ని ఎంఐటీకి, అంటే సోర్స్ బయటపెట్టాలన్న షరతు లేని లైసెన్స్‌కి, మార్చాలని నా ప్రతిపాదన. ఫోన్ కీబోర్డులు చేసే ఇద్దరితో మాట్లాడాను. కోడ్ నచ్చింది, కానీ జీపీఎల్ కోడ్ కలిపి యాప్ పంచితే యాప్ సోర్స్ మొత్తం అదే లైసెన్స్ కింద ఇవ్వాల్సి వస్తుందని ఆగిపోయారు. ఇంత పని ఎవరూ వాడకుండా రెపోలోనే మూలుగుతుంటే బాధగా ఉంది. తాళం మన దగ్గరే ఉంది కదా, లైసెన్స్ ఫైలు మారిస్తే చాలదా?

నల్లకుంట లైబ్రరీ:
తమ్ముడూ, తాళం మనది, ఇల్లు మనది కాదు. జీపీఎల్ ఉండబట్టే ఎవరినీ అడగకుండా ఈ కోడ్‌ని మార్చుకుంటున్నాం, పంచుకుంటున్నాం. లైసెన్స్ మార్చాలంటే మాత్రం కాపీరైట్ ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. ఉద్యోగులు పనిలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే. బయటివాళ్లు పంపిన కోడ్ మార్పులు, అంటే ప్యాచ్‌లు, ఎవరివి వాళ్లవే.

ఎవరు ఏం మార్చారో చెప్పే కమిట్ హిస్టరీ అంతా రాత్రి చదివాను. బయటివాళ్లు 41 మంది. విభక్తులు, సంధుల నియమాల ఫైళ్లలో సగానికి పైగా ఒక్కరే రాశారు, హనుమకొండలో రిటైరైన తెలుగు మాస్టారు. మూడేళ్ల కిందట పోయారు. మన దేశంలో కాపీరైట్ రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. అంటే ఇప్పుడు ఆ హక్కు ఆయన వారసులది. దీన్ని ఎవరూ దాచుకోకుండా ఉండాలనే ఇస్తున్నానని ఆయన మొదటి ప్యాచ్‌తో పాటే రాశారు. అది చదివాక లైసెన్స్ ఫైలు మీద చెయ్యి వెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

అమీర్‌పేట ఆపరేటర్:
అన్నా, ఒక విషయం మర్చిపోతున్నారు. ప్యాచ్ తీసుకునే ముందు కంపెనీ మా అందరితో కాపీరైట్ బదిలీ ఫారం మీద సంతకం చేయించింది. 2017 నాటిది నా దగ్గరుంది. ఒరాకిల్ కంపెనీ 2011లో ఓపెన్‌ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ని అపాచీ ఫౌండేషన్‌కి ఇచ్చినప్పుడు లైసెన్స్ మార్చగలిగింది హక్కులు తన దగ్గరే ఉండటం వల్లే. ఇక్కడా కంపెనీ ఒక ఉత్తరం రాసిస్తే సరిపోతుంది.

నల్లకుంట లైబ్రరీ:
మీరు పంపిన ఫారం చూశాను. గడువు ఎంతో రాయలేదు, ఏ దేశాలకో రాయలేదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే ఇండియాకే. మీ ఫారం 2022లోనే చెల్లిపోయింది. కంపెనీ తన దగ్గర లేని హక్కుని మనకెలా ఇస్తుంది? అన్నట్టు, ఆ సాఫ్ట్‌వేర్ పేరు కూడా జీపీఎల్‌తో రాదు. పేరు వాడుకోవాలంటే దానికి కంపెనీ నుంచి విడిగా రాయించుకోవాలి.

కూకట్‌పల్లి కోడర్:
ఫారం సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ మార్చడం అసాధ్యం కాదు. వీడియో ప్లేయర్ వీఎల్‌సీ వాళ్లు 2011-12లో వందకు పైగా డెవలపర్లను ఒక్కొక్కరినీ అడిగి జీపీఎల్ నుంచి, దానికన్నా షరతులు తక్కువున్న ఎల్‌జీపీఎల్‌కి మార్చారు. మనకున్నది 41 మందే. ఎంఐటీ ఇస్తే రేపు ఎవరో మూసేస్తారన్న భయం కూడా అనవసరం. 2024లో రెడిస్ అనే డేటాబేస్ ఎంఐటీ లాంటి బీఎస్‌డీ లైసెన్స్‌ని వదిలేస్తే, పాత కోడ్ మీదే లైనక్స్ ఫౌండేషన్ కింద వాల్‌కీ అనే ప్రాజెక్టు మొదలైంది కదా.

నల్లకుంట లైబ్రరీ:
వాల్‌కీ వెనక అమెజాన్, గూగుల్, ఒరాకిల్ నిలబడ్డాయి. మన వెనక ఆదివారాలు కూర్చునే ఆరుగురం ఉన్నాం. ఎవరో మన కోడ్‌ని తీసుకుని, దిద్దుబాట్లు తమ దగ్గరే పెట్టుకుని ముందుకెళ్తే మనం అందుకోలేం. వీఎల్‌సీ వాళ్లు వెళ్లింది ఎల్‌జీపీఎల్‌కి, ఎంఐటీకి కాదు. ఎల్‌జీపీఎల్ అయితే నేను ఆలోచిస్తాను. కీబోర్డు వాళ్ల యాప్ వాళ్లదే, మన భాగంలో చేసిన మార్పులు మాత్రం బయటపెట్టాలి. అదైనా అందరినీ అడిగాకే.

కూకట్‌పల్లి కోడర్:
ఎల్‌జీపీఎల్‌కి కీబోర్డు వాళ్లు ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు. నా ఓటు ఇప్పటికీ ఎంఐటీకే. అడగడం మాత్రం మొదలుపెడదాం. మాస్టారు కాక మిగతా 40 మందికి ఈమెయిల్స్ నేను రాస్తాను.

నల్లకుంట లైబ్రరీ:
మాస్టారి అమ్మాయి హనుమకొండలోనే ఉంటారు. ఆదివారం వెళ్తున్నాను. ఎంఐటీకీ ఎల్‌జీపీఎల్‌కీ తేడా ఏమిటో తెలుగులో ఒక పేజీ రాసి తీసుకెళ్తా. నువ్వూ రా, నీ వాదన నువ్వే చెప్పు.

కూకట్‌పల్లి కోడర్:
వస్తానన్నా. పొద్దున ఏడింటికి ఉప్పల్‌లో బస్సు ఎక్కుదాం.