తెల్ల ఎలుకలు, మన మందులు: మీ అనుభవాలు చెప్పండి

హన్మకొండ_ఎంఫార్మ్:
బి.ఫార్మసీల జంతువుల ప్రాక్టికల్స్ అన్నీ కంప్యూటర్ మీదనే అయిపోయినయ్. ఇప్పుడు ప్రాజెక్టుకు నిజం ఎలుకలు. స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి వాటికి షుగర్ తెప్పించినం. క్లోమంల ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తది ఆ మందు. మూడోనాటికి పంజరంల పరిచిన వరి ఊక తడిసి ముద్ద. నీళ్ల సీసా ఎప్పుడు చూసినా ఖాళీ. రాత్రి నాలుగుసార్లు లేచే మా అమ్మ యాదికొచ్చింది. తోక కొసన చుక్క తీసి చూసేది కూడా అమ్మ షుగర్ మిషన్ లాంటి దాంట్లనే. ఇంట్ల చెప్తే "పాపం తగుల్తది బిడ్డా" అన్నది. మీకెవరికన్నా ఇట్లయిందా?

పరకాల_పత్తిచేను:
ఎలుకల సంగతి నాకు తెల్వదు చెల్లె, గుర్రం సంగతి చెప్త. పత్తి ఏరంగ రక్తపింజర కరిచింది. పసరు మందని రెండు గంటలు పోగొట్టుకున్నం. దవాఖానల డాక్టరు గాజు గొట్టంల నా రక్తం పోసి కదల్చకుంట పెట్టిండు. 20 నిమిషాలైనంక వంచితే నీళ్ల లెక్క జారింది, గడ్డకట్టలే. వెంటనే పది సీసాల మందు మొదలువెట్టిన్రు. సగంల ఒళ్లంత దద్దుర్లు, వణుకుడు. ఆపి, వేరే సూదేసి, మళ్ల ఎక్కిచ్చిన్రు. "గుర్రం రక్తంల నుంచి తీస్తరు, అందుకే కొందరికి పడది" అన్నది సిస్టరమ్మ. మా చిన్నోడు ఇప్పటికీ సకిలించి చూపెట్టు నాయినా అంటడు.

ఫార్మకాలజీ_సార్:
నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషాన్నీ గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. వాటి రక్తంలో పుట్టిన విరుగుడుతో తయారైన మందు ఎంత విషాన్ని విరుస్తుందో చిట్టెలుకల్లో చూస్తారు. ఇక అమ్మ షుగర్ సంగతికొస్తే, 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇన్సులిన్ పట్టుకున్నది కుక్కల మీదనే.

కాజీపేట_మూగజీవాలు:
గెలిచిన కథలే చెప్తరేంది సార్? థాలిడోమైడ్ అనే నిద్రమందు ఎలుకలకు ఎంతిచ్చినా ఏం గాలే. గర్భిణులు మింగితే వేలమంది పిల్లలు చేతులు, కాళ్లు సరిగ్గ లేకుంట పుట్టిన్రు. మా తాతకు కుక్క కరిస్తే బొడ్డుచుట్టు పద్నాలుగు సూదులు. గొర్రె మెదడుతోని చేసిన టీకా అది, కొందరికి పక్షవాతం గూడ వచ్చేది.

ఫార్మకాలజీ_సార్:
సూదుల మాట నిజమే, అవి ఆపేసి ఇరవై ఏళ్లయింది. థాలిడోమైడ్‌ను మాత్రం అమ్మకానికి ముందు కడుపుతో ఉన్న జంతువుల్లో సరిగ్గా చూడనే లేదు. తర్వాత చూస్తే కుందేళ్లలో అవే లోపాలు కనబడ్డాయి, ఎలుకల్లో పెద్దగా లేవు. ఒక్క జాతిని నమ్మకూడదని అప్పుడే తెలిసొచ్చింది. 2023లో మన దేశ నిబంధనలు మారాయి, జంతువులకు బదులు మనిషి కణాల మీద చేసిన పరీక్షలూ చూపొచ్చు. కానీ పాము మందుకు గుర్రం ఇంకా తప్పట్లేదు.

పరకాల_పత్తిచేను:
గదంత సరేగని చెల్లె, ప్రాజెక్టు అయిపోయినంక ఆ ఎలుకలనేం జేస్తరు?

హన్మకొండ_ఎంఫార్మ్:
మత్తు ఎక్కువిచ్చి, క్లోమం తీసి స్లైడ్ చెయ్యాలె అన్నా. ఎల్లుండి.