జుట్టు నూనె కొలాబ్: మూడు రీల్స్‌కి 12,000. ఒప్పుకోవాలా?

మలక్‌పేట_పిన్ను:
అందరికీ నమస్తే. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, సుల్తాన్ బజార్ దుకాణాల మీద రీల్స్ చేస్తాను. వెయ్యి లోపు చీరలు, మ్యాచింగ్ జాకెట్ గుడ్డ, ఫాల్ బాగా కుట్టేవాళ్లు, ఇలాంటివి. 24 వేల మంది ఫాలోవర్లు. షూటింగ్ ఫోన్‌తోనే, మా చెల్లి పట్టుకుంటుంది. ఇప్పటిదాకా దుకాణం వాళ్లు ఒక చీరో, రెండు మూడు వేలో ఇవ్వడం తప్ప పెద్ద డీల్ రాలేదు.

ఇప్పుడు ఒక ఏజెన్సీ జుట్టు నూనె కోసం మెయిల్ పెట్టింది. మూడు రీల్స్, మొత్తం 12,000, ఒక కిట్ ఫ్రీ. డబ్బు పోస్ట్ చేసిన 60 రోజులకి. వీడియో మీద హక్కులన్నీ శాశ్వతంగా వాళ్లవే. ఆరు నెలలు వేరే బ్యూటీ బ్రాండ్ చేయకూడదు. రీచ్ పడిపోతుందని 'యాడ్' అని పెట్టొద్దన్నారు. స్క్రిప్ట్‌లో "రెండు వారాల్లో నాకు జుట్టు రాలడం ఆగింది" అని ఉంది. కిట్ ఇంకా రానే లేదు! ఒక టెన్షన్ కాదు. ఎంత అడగాలి, ఏది వద్దనాలి?

ఫిల్మ్‌నగర్_ఎడిటర్:
మొదటి డీల్‌కే ఇన్ని బేరాలాడితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ముందు ఒప్పేసుకోండి, రేటు తర్వాత పెంచుకోవచ్చు.

కొండాపూర్_అక్క:
ఈ సలహా వినకండి. మొన్నటి దాకా బ్రాండ్ వైపు కూర్చుని ఇలాంటి మెయిళ్లు పంపినదాన్ని నేను. అటువైపు లెక్క ఎలా ఉంటుందో చెప్తాను.

వాళ్లు మీ 24 వేల మంది కోసం రాలేదు. ఆ సంఖ్య వాళ్లకి చిన్నది. దుకాణం మెట్ల మీద నిలబడి మామూలు హైదరాబాద్ తెలుగులో మాట్లాడే అమ్మాయి వీడియో వాళ్లకి కావాలి. అదే వీడియో స్టూడియోలో తీయాలంటే మోడల్, మేకప్, కెమెరామన్, లైట్లు, అన్నిటికీ బిల్లు. పైగా అది యాడ్‌లాగే కనిపిస్తుంది, జనం దాటేస్తారు. మీ వీడియో చేతికొస్తే దాని వెనక డబ్బు పెట్టి నెలల తరబడి యాడ్‌గా తిప్పుతారు. 'హక్కులన్నీ శాశ్వతంగా' అన్న లైను పెట్టింది అందుకే. మెయిల్‌లో అన్నిటికంటే ఖరీదైన మాట అదే, దానికి విడిగా ఒక్క రూపాయి కూడా రాయలేదు చూడండి.

కాబట్టి కొటేషన్ విడగొట్టండి. వీడియో తీసి ఇవ్వడానికి ఒక రేటు. మీ పేజీలో పెట్టడానికి ఒక రేటు. వాళ్లు యాడ్‌గా వాడుకోవడానికి నెలకింత అని మరొకటి, గడువు తేదీతో సహా. హక్కులు ఇల్లు అద్దెకిచ్చినట్టు ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ చేసి ఇవ్వకూడదు. మీ అకౌంట్ పేరుతో పార్ట్‌నర్‌షిప్ యాడ్ నడుపుతామంటే అది కూడా ఇందులోకే వస్తుంది, ఊరికే ఓకే నొక్కకండి. రీషూట్ ఒక్కసారే అని రాయండి, లేదంటే "ఇంకొంచెం నవ్వుతూ" అంటూ వారం తిప్పుతారు. ఇక ఆరు నెలల నిబంధన. మీరు చీరల మనిషి కాబట్టి నష్టం తక్కువే అనిపిస్తుంది, కానీ 'బ్యూటీ' అంటే కాటుక, మెహందీ దాకా సాగదీస్తారు. 'జుట్టు నూనెలు, 30 రోజులు' అని కుదించండి.

'యాడ్' వద్దనడం మాత్రం బేరం సంగతి కాదు. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ నియమాలు 2021 జూన్ నుంచి ఉన్నాయి, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బే కాదు, ఫ్రీ కిట్ తీసుకున్నా చెప్పాల్సిందే. వీడియోలో రాయాలి, నోటితోనూ చెప్పాలి. 15 సెకన్లు దాటి రెండు నిమిషాల లోపు ఉండే వీడియోలో మూడో వంతు సేపు లేబుల్ కనబడాలని ఆస్కీ అంటుంది. వాడని నూనెకి జుట్టు రాలడం ఆగిందని చెప్పడం ఇంకా పెద్ద తంటా. తప్పుదోవ పట్టించే యాడ్ అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద చెప్పినవాళ్ల మీద కూడా 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఆ రోజు ఏజెన్సీ ఫోన్ ఎత్తదు. నూనె నిజంగా వాడి, జిడ్డు, వాసన, సీసా మూత గురించి మీకు తోచింది చెప్పండి. అలాంటి రీల్సే సేవ్ అవుతాయి కూడా.

బెట్టింగ్ యాప్‌ల వాళ్లు దీనికి నాలుగింతలు ఇస్తామని వస్తారు, ముందే చెప్తున్నా. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టింది అందుకే. జవాబు కూడా ఇవ్వకండి.

జనరల్‌బజార్_దుకాణం:
అమ్మా, డబ్బిచ్చే వైపు నుంచి ఒక మాట. మా చీరల దుకాణానికి ఆషాఢం ఆఫర్లప్పుడు ఇద్దరితో రీల్స్ చేయించాం. ఒకదానికి లక్షల్లో వ్యూస్, కామెంట్లన్నీ "రేటెంత", "కొరియర్ ఉందా". రెండోదానికి అందులో పదో వంతు వ్యూస్ కూడా లేవు, గిరాకీ మాత్రం నడిచొచ్చింది. ఆ అమ్మాయి ఏ సందులో తిరగాలో చూపించింది, రేటు చీర మీద వేలు పెట్టి చెప్పింది. మళ్లీ ఆమెనే పిలిచాం. మీ పేరు చెప్పి వచ్చిన గిరాకీ ఎంతో దుకాణాల వాళ్లని రాసిపెట్టమని అడగండి, రేటు మాట్లాడేటప్పుడు ఫాలోవర్ల కంటే అదే పనికొస్తుంది. నూనె సంగతి నాకు తెలియదు కానీ, మీ రీల్స్ చూసేవాళ్లు చీరల కోసం వస్తున్నారు. వరసగా మూడు నూనె రీల్స్ పెడితే విసుక్కుంటారేమో.

నారాయణగూడ_ఆడిటర్:
60 రోజుల గురించి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు) చేయించుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ (చిన్న సంస్థల) చట్టం చెప్తుంది. 12,000 కోసం ఎవరూ కేసు వేయరు, నిజమే. కానీ గడువు దాటితే ఆ ఖర్చుని వాళ్ల ఆదాయ పన్ను లెక్కలో చెల్లించిన ఏడాదే చూపించుకోవాలి. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ కనిపిస్తే అకౌంట్స్ వాళ్లు మార్చి దగ్గర పడేకొద్దీ మీ బిల్లు పైకి తీస్తారు.

జీఎస్టీ నంబర్ ఉండాల్సిందే అంటే భయపడకండి. తెలంగాణలో సేవలకి ఏడాది రాబడి 20 లక్షలు దాటాకే అది తప్పనిసరి. ఇక ఫ్రీ వస్తువులు: 2022 జులై 1 నుంచి, ఒకరి దగ్గరే ఏడాదిలో 20,000 దాటిన వస్తువులు వస్తే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయ పన్ను) వర్తిస్తుంది. నూనె కిట్‌కి ఆ బాధ లేదు. రేపు ఫోన్ కంపెనీ ఫోన్ పంపితే గుర్తుంచుకోండి. వీడియో తీసి తిరిగిచ్చేస్తే లెక్కలోకి రాదు, ఉంచుకుంటే వస్తుంది.

మలక్‌పేట_పిన్ను:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. మెయిల్ పెట్టాను. మూడు రీల్స్ కాస్తా రెండు చేశారు, 12,000 అలాగే ఉంది. లేబుల్‌కి ఒప్పుకున్నారు, జుట్టు రాలడం లైను తీసేశారు. యాడ్‌గా వాడుకోవడానికి మూడు నెలలకి 9,000 అడిగితే "పై వాళ్లని అడగాలి" అన్నారు, ఇంకా జవాబు లేదు. అడ్వాన్స్ మాత్రం కుదరదట. ఇంకో డౌట్: వెనకాల ట్రెండింగ్‌లో ఉన్న సినిమా పాట పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

కొండాపూర్_అక్క:
వద్దు. సొంత సరదా రీల్‌కి యాప్‌లో దొరికే పాట వేరు, డబ్బు తీసుకున్న రీల్‌కి వేరు. మ్యూజిక్ కంపెనీ లైసెన్స్ కాపీ పంపమనండి, పంపరు. వ్యాపారానికి వాడుకోనిచ్చే ఆడియో యాప్‌లోనే విడిగా ఉంటుంది, అందులోంచి ఒకటి తీసుకోండి. ఇంకోటి, హక్కుల మీద జవాబు వచ్చేదాకా ఒరిజినల్ ఫైల్ పంపకండి. అప్రూవల్‌కి వాటర్‌మార్క్ వేసిన కాపీ చాలు.