అమ్మ రిపోర్టులో ‘మ్యుటేషన్’ అని వచ్చింది. మా పిల్లలకీ వస్తుందా?

మీసేవ తమ్ముడు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లె, మీసేవ సెంటర్ నడుపుతాను. మా అమ్మకి 57 ఏళ్లు. పోయిన శ్రావణంలో దగ్గు మొదలైంది. దగ్గరలో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. కళ్లె పరీక్షలో ఏమీ తేలకపోయినా అయిదు నెలలు టీబీ బిళ్లలు మింగించారు. మనిషి 9 కిలోలు తగ్గింది, దగ్గు మాత్రం తగ్గలేదు. చివరికి గుంటూరులో సీటీ, బయాప్సీ చేయిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్, అందులో అడినోకార్సినోమా అనే రకం, నాలుగో స్టేజి అన్నారు. నిన్న జీన్ రిపోర్టు వచ్చింది: ‘ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ పాజిటివ్, ఎగ్జాన్ 19 డిలీషన్’.

మ్యుటేషన్ అనగానే మా నాన్న, “పొలం మ్యుటేషనా? అది నీ దగ్గరే చేస్తావుగా” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. నాన్న మాత్రం ముప్పై ఏళ్లు వసారాలో ఆవిడ పక్కనే కూర్చుని కాల్చాడు. 2009 దాకా మాది కట్టెల పొయ్యే. ఇప్పుడు అసలు టెన్షన్ ఏంటంటే చెల్లికి సంబంధం మాట్లాడుతున్నాం. “జీన్స్‌లో ఉందంటే వంశంలో ఉన్నట్టే కదా” అని పెళ్లివారు మధ్యవర్తితో అడిగించారు. మా డాక్టరుగారు మంచివారే గానీ ఓపీలో నాకు దొరికింది నాలుగు నిమిషాలు. అవి బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో చెప్పడానికే సరిపోయాయి.

ఈ మార్పు ఎలా వచ్చింది? నాకు, చెల్లికి, మా పాపకి టెస్టు చేయించాలా? తెలిసినవాళ్లు కాస్త మామూలు మాటల్లో చెప్పండి.

మైనం బిళ్ల

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో ఒక మాలిక్యులర్ ల్యాబ్‌లో పని చేస్తాను. డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని. మీ అమ్మగారి రిపోర్టు లాంటివి తయారయ్యే చోట పన్నెండేళ్లుగా ఉన్నాను.

ముందు నీ టెన్షన్ సంగతి. నువ్వు రోజూ భూముల కాగితాలు చూసేవాడివి కాబట్టి నీ భాషలోనే చెబుతా. ఇది పిత్రార్జితం కాదు, స్వార్జితం. అమ్మమ్మ నుంచి అమ్మకి వచ్చిందీ కాదు, అమ్మ నుంచి మీకు వచ్చేదీ కాదు. ఆవిడ ఊపిరితిత్తిలో ఏదో ఒక్క కణంలో, బహుశా చాలా ఏళ్ల కిందట, పడిన తప్పు ఇది. చెంప లోపలి కణం తీసి చూస్తే అక్కడ ఆ జీన్ శుభ్రంగా ఉంటుంది. పుట్టుకతోనే ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న కుటుంబాలు లేకపోలేదు గానీ చాలా అరుదు, పైగా అక్కడ కనిపించేది ఎక్కువగా టీ790ఎం అనే వేరే మార్పు. నీకు, చెల్లికి, పాపకి ఈ టెస్టు అక్కర్లేదు. పెళ్లివారికి ధైర్యంగా చెప్పు.

మా దగ్గరికి వచ్చేది మైనంలో పొదిగిన చిన్న బిళ్ల. సూదితో తీసిన ముక్క అందులో విరిగిన సేమ్యా పోగులా ఉంటుంది. దాన్ని మైక్రాన్ల మందాన పొరలుగా కోసి, గోరువెచ్చని నీళ్ల మీద తేలించి గాజు పలక మీదికి ఎత్తుతాం. పాథాలజిస్టు మేడమ్ మైక్రోస్కోపులో చూసి, క్యాన్సర్ కణాలు ఉన్నచోట స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టి ఇస్తారు. ఆ సున్నాలో ఉన్నదే బ్లేడుతో గీకి డీఎన్ఏ తీస్తాం. సున్నా బయట గీకితే రిపోర్టే తప్పు వస్తుంది. కొత్తలో నేనొకసారి గీకి తిట్లు తిన్నాను.

ఇక ఆ ఎగ్జాన్ 19 డిలీషన్. ఎగ్జాన్ అంటే జీన్‌లో ఒక భాగం, డిలీషన్ అంటే అందులో కొన్ని అక్షరాలు ఎగిరిపోవడం. రిపోర్టు రెండో పేజీలో ‘ఇ746_ఎ750డెల్’ అని ఉందేమో చూడు, ఎక్కువమందికి అదే ఉంటుంది. డీఎన్ఏని కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది. ‘కమలా పలక తుడిచి కడిగి ఉంచవే’ అనుకో. ‘తుడిచి’ మొత్తం ఎగిరిపోతే ‘కమలా పలక కడిగి ఉంచవే’, వాక్యం ఇంకా నడుస్తుంది. ‘తుడి’ రెండక్షరాలే పోతే ‘కమలా పలక చికడి గిఉం చవే’, అంతా గోల. రెండోదైతే ఆ ప్రొటీన్ పనికిరాకుండా పోయేది, క్యాన్సర్‌కి అది ఉపయోగపడదు. ఇ746_ఎ750లో పోయేవి సరిగ్గా 15 అక్షరాలు, అంటే అయిదు మూళ్లు. ప్రొటీన్ తయారవుతుంది, పని చేస్తుంది, కానీ ఆగదు. అదే చిక్కు.

ఈజీఎఫ్ఆర్ అంటే కణం గోడకి బిగించిన మోటారు స్టార్టరు లాంటిది. బయటి నుంచి ‘పెరుగు’ అనే కబురు వచ్చి నొక్కితే ఆన్, లేకపోతే ఆఫ్. ఆ 15 అక్షరాలు పోయాక ఎవరూ నొక్కకుండానే ఆన్‌లో ఇరుక్కుపోతుంది. అయినా అదొక్కటే చాలదు. మోటారు వేడెక్కితే ఫ్యూజు కొట్టేయాలి కదా, కణంలో ఆ పని చేసే వాటిలో టీపీ53 ముఖ్యమైనది. మన ఊళ్లలో ఫ్యూజు పోయినచోట లావు తీగ చుట్టేస్తారు చూడు, ఆ జీన్ చెడితే అలా ఉంటుంది. ఇలాంటివి ఒక్కో కణంలో ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకోవాలి.

ఎందుకు వచ్చిందంటావా? పొగాకు అయితే గుర్తుపట్టొచ్చు, అది వేలిముద్ర వదులుతుంది. పొగలోని బెంజోపైరీన్ డీఎన్ఏలో ‘జి’ అక్షరానికి అతుక్కుంటుంది. కాపీ చేసేటప్పుడు కణం దాన్ని ‘టి’ అని చదువుకుంటుంది. రోజుకో ప్యాకెట్టు చొప్పున ఏడాది కాలిస్తే ఊపిరితిత్తిలో ఒక్కో కణానికి సగటున 150 మార్పులు పడతాయని 2016లో లెక్క కట్టారు. మా నాన్న చుట్టలు కాల్చేవాడు. 2016లో పోయాడు. ఆయన బిళ్లని నేనే కోశాను, కోయకూడదని అందరూ అన్నా వినలేదు. కేఆర్ఏఎస్ జీన్‌లో జీ12సీ అనే మార్పు వచ్చింది. అచ్చంగా అదే ముద్ర: ‘జి’ ఉండాల్సిన చోట ‘టి’. దానికి అప్పుడు మందు లేదు. మొదటి బిళ్ల అమెరికాలో 2021లో వచ్చింది.

మీ అమ్మగారిది ఆ ముద్ర కాదు. ఎగ్జాన్ 19 డిలీషన్ పొగ తాగనివాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. మన దేశంలో అడినోకార్సినోమా వచ్చినవాళ్లలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. మరి పక్కవాళ్ల బీడీ, కట్టెల పొగ? పక్కవాళ్ల పొగ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందన్నది రుజువైన సంగతే. ఇళ్లలో కట్టెల పొగని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా కారకం’ అన్న జాబితాలో పెట్టింది. 2023లో లండన్‌లో చార్లెస్ స్వాంటన్ బృందం ఇంకో సంగతి చూపించింది. క్యాన్సర్ లేని ఊపిరితిత్తి ముక్కల్లో కూడా 18 శాతం వాటిలో ఈజీఎఫ్ఆర్ మార్పులు దొరికాయి. అంటే తప్పు పడిన కణం ఏమీ చేయకుండా ఏళ్లకేళ్లు పడి ఉండగలదు. గాలిలోని సన్నటి ధూళి అక్కడ వాపు పుట్టించి దాన్ని నిద్రలేపుతుందని వాళ్లు ఎలుకల్లో చూశారు. అయినా ఒక్క మనిషి విషయంలో ఇదిగో ఇందువల్లే అని వేలు పెట్టి చూపించలేం. మీ నాన్నగారిని మాత్రం దీంతో పొడవకు. బీడీ మానిపించు, అంతే.

పసుపు వైద్యం

కీమో విషం. గోమూత్రం, పసుపు పెడితే జీన్స్ వాటంతటవే సరి అవుతాయి. నాకు మెసేజ్ చెయ్యండి.

మైనం బిళ్ల

పోయిన 15 అక్షరాలు పసుపుతో తిరిగి రావు సార్. ఆవిడకి రాసిందీ కీమో కాకపోవచ్చు, బిళ్ల అన్నాడు కదా. తమ్ముడూ, ఏ పొడులైనా డాక్టరుకి చెప్పకుండా ఇవ్వొద్దు. కొన్ని మందు పనిని చెడగొడతాయి.

ఆవకాయ కోడలు

తమ్ముడూ, మా అత్తగారికీ ఇదే డిలీషన్. 2016లో ఈజీఎఫ్ఆర్‌ని ఆపే జెఫిటినిబ్ అనే బిళ్ల మొదలుపెట్టారు. మూడు వారాల్లో దగ్గు పోయింది, మేం జబ్బే పోయిందనుకున్నాం. పదమూడు నెలలకి మళ్లీ పెరిగింది. ఈసారి రక్తంతోనే టెస్టు చేశారు, క్యాన్సర్ కణాల్లోనే కొత్తగా టీ790ఎం మార్పు పుట్టిందని వచ్చింది. పొలంలో ఏటా ఒకే గడ్డిమందు కొడితే చావనిది ఒక మొక్క మిగిలి, మళ్లీ పొలమంతా అదే అవుతుంది చూడండి, అలాగని డాక్టరుగారు చెప్పారు. ఆ మందు వాడినవాళ్లలో దాదాపు సగం మందికి ఇలాగే తిరగబడుతుందట. తర్వాత ఇంకో బిళ్ల, ఓసిమెర్టినిబ్‌కి మారాం. ఇప్పుడైతే చాలామందికి మొదటే అది ఇస్తున్నారు. దానికీ ఎప్పుడో ఒకప్పుడు కణాలు దారి వెతుక్కుంటాయి, అందుకే స్కాన్లు వాయిదా వేయకండి. విరేచనాలు, మొహం మీద పొక్కులు వస్తాయి, భయపడొద్దు. గోళ్ల పక్కన పుళ్లు పడి ఆ వేసవి ఆవిడ ఆవకాయ కలపలేకపోయారు. పక్కన కూర్చుని నా చేత కలిపించారు, ఉప్పు ఎక్కువైందని ఇప్పటికీ నన్నే అంటారు.

మీసేవ తమ్ముడు

అందరికీ దండాలు. మాదీ ఓసిమెర్టినిబే, 80 ఎంజీ. రిపోర్టు రెండో పేజీలో అచ్చం అన్నగారు చెప్పిన నంబర్లే ఉన్నాయి. మధ్యవర్తికి పిత్రార్జితం, స్వార్జితం అని చెప్పాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరిగే మనిషి, ఒక్క నిమిషంలో అర్థమైంది. పెళ్లివారు ఏమంటారో చూడాలి. నాన్నకి నేనేమీ చెప్పలేదు. కానీ రాత్రి ఆయన బీడీ కట్ట పట్టుకుని వసారా దాటి, గేటు బయట నిలబడి కాల్చడం చూశాను.

అమ్మ మొదటి బిళ్ల ఇవాళ పొద్దున్నే ఇడ్లీ తిన్నాక వేసుకుంది. 15 అక్షరాల సంగతి చెబితే, “అవి ఎక్కడ పడిపోయాయిరా” అని అడిగింది. అన్నగారూ, దీనికి మీరే జవాబు చెప్పాలి. కోడలుగారూ, గోళ్లకి ఏం రాశారో కూడా చెప్పండి.