ఆ ఎలుక అంతరించింది పిల్లులూ నక్కల వల్లేనా?

ప్రశ్న: ఆగ్నేయ ఆస్ట్రేలియాలో ఒకప్పుడు ఉండిన తెల్లకాళ్ల కుందేలు ఎలుక బయటి నుంచి తెచ్చిన పిల్లులు, నక్కల వల్లే అంతరించిందని రాయవచ్చా? పిల్లులు అలాంటి ఎలుకల్ని తింటాయన్న ఆధారం చాలదా?

జవాబు: చాలదండీ. తింటాయని తెలిస్తే తిన్నాయనే తెలుస్తుంది, జాతి అందువల్లే పోయిందని తేలదు. ముందు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లులు 1788లో తొలి వలస ఓడలతోనే దిగాయి. ఎర్రనక్కలు విక్టోరియాలో స్థిరపడింది 1870ల్లో. ఈ ఎలుక గురించి నమ్మదగిన కబురు 1860ల తర్వాత లేదు. నక్క మీద నేరం మోపడం కష్టం. పిల్లి మీద అనుమానం గట్టిదే, కానీ అదే కాలంలో గొర్రెల మందలు ఆ గడ్డినేలల్నీ మేసేశాయి.

ఇంకో జవాబు: పైదానికి ఒక సవరణ. చివరిసారి కనిపించిన ఏడాది, అంతరించిన ఏడాది ఒకటి కావు. వెతికేవాళ్లు లేని చోట జంతువు ఇంకొన్నేళ్లు బతికి ఉండవచ్చు. అందుకే తేదీలతో ఆగకుండా దీవుల్ని చూడాలి. పుల్లలతో గూడు కట్టే మరో జాతి పెద్ద ఎలుక ప్రధాన భూభాగంలో పూర్తిగా పోయి, దక్షిణ ఆస్ట్రేలియా తీరంలోని ఫ్రాంక్లిన్ దీవుల్లో మిగిలింది. అక్కడ టైగర్ స్నేక్ పాములున్నాయి, పిల్లులూ నక్కలూ లేవు. బయటి నుంచి తెచ్చిన వేట జంతువుల మీద నేరం మోపడానికి ఇది చాలా బలమైన సాక్ష్యం. బరువూ చూడండి: ఆ ఖండంలో బాగా దెబ్బతిన్న క్షీరదాలు ఎక్కువగా 35 గ్రాములకూ 5.5 కిలోలకూ మధ్యవి, అంటే పిల్లులకూ నక్కలకూ చిక్కే సైజువి.

కంచె ప్రయోగాల్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. దక్షిణ ఆస్ట్రేలియాలో రాక్స్‌బీ డౌన్స్ దగ్గర ఏరిడ్ రికవరీ అనే రక్షిత ప్రాంతం చుట్టూ వేసిన కంచె లోపల ఎలుకలు బాగా పెరిగాయి. కానీ అక్కడ పిల్లులు, నక్కలతో పాటు కుందేళ్లనూ తీసేశారు. ఫలితంలో వేట తగ్గడం వల్ల ఎంత, మేత మిగలడం వల్ల ఎంత అన్నది ఆ ఒక్క కంచెతో విడదీయలేం.

ప్రశ్న: అసలు కారణం వేట కాకపోతే ఎలా పసిగట్టాలి?

జవాబు: హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో ఒకప్పుడుండిన మెక్లియర్ ఎలుకను చూడండి. 1899 ప్రాంతంలో ఓడ మీద నల్ల ఎలుకలు వచ్చాయి, కొద్ది ఏళ్లలోనే ఇది పోయింది. జబ్బుపడ్డ ఎలుకలు పట్టపగలు దారుల్లో తూలుతూ కనిపించాయి. అదే తొలి సూచన. 2008లో మ్యూజియం తోళ్ల డీఎన్ఏ పరీక్షిస్తే, నల్ల ఎలుకలు వచ్చాక సేకరించిన వాటిలో ట్రిపనోసోమ్ పరాన్నజీవి దొరికింది, అంతకు ముందువాటిలో లేదు. కనుక మ్యూజియాన్ని నమూనాలు అడిగేటప్పుడు రెండు కాలాలవీ అడగండి. ఒక్క కాలానివే తెస్తే పోల్చడానికి ఏమీ ఉండదు.