మార్గరీటా, మార్గరిటా, మార్గెరీత: ఏది రాయాలి?

ప్రశ్న: మెనూ కార్డుల్లో ఈ పిజ్జా పేరు తలో రకంగా కనిపిస్తోంది. తెలుగులో ఏది సరైనది? ఇది ఎవరో రాణి పేరట, నిజమేనా మాస్టారూ?

జవాబు: రాణి పేరేనండీ. ఇటలీవాళ్లు 'మార్గెరీత' అంటారు. చివర వినిపించేది మన 'త'కు దగ్గర. మనకు ఇంగ్లిషు మీదుగా వచ్చింది కనుక 'ట' అయింది. రాణి గురించి రాస్తే మార్గెరీత, తినేదానికి మార్గరీటా అంటే సరిపోతుంది. టెకీలాతో కలిపే మార్గరిటా వేరు, దానికీ ఈ రాణికీ చుట్టరికం లేదు.

ఆవిడ 1851లో ట్యూరిన్‌లో పుట్టింది. 1868లో పెదనాన్న కొడుకు ఉంబెర్తోను పెళ్లాడింది. (మనకు అన్న వరస! అక్కడి రాజకుటుంబాల్లో మామూలే.) 1878లో ఆయన రాజయ్యేనాటికి ఇటలీ ఒక్క రాజ్యమై 17 ఏళ్లే. నిన్నమొన్నటిదాకా ఎవరి సంస్థానం వాళ్లదిగా బతికిన జనాన్ని కొత్త రాజకుటుంబం వైపు తిప్పడంలో రాజుకంటే రాణి పాత్రే ఎక్కువని నా అభిప్రాయం. రాచరికమంటే పడని కవి కార్దూచ్చి కూడా ఆ ఏడాదే ఆవిడను చూసి 'ఇటలీ రాణికి' అని పద్యం రాశాడు. తోటి రిపబ్లికన్లు ఆయన్ని దుమ్మెత్తిపోశారు. తర్వాత 1906లో ఆయనకే నోబెల్ వచ్చింది.

పిజ్జా కథకొస్తే, 1889లో నేపుల్స్‌లో రఫాయెలె ఎస్పోజితో రాణికోసం చేశాడని, టమాటా, మొజరెల్లా, బేసిల్ ఆకు కలిసి జెండా రంగులయ్యాయని చెబుతారు. సాక్ష్యంగా రాజప్రాసాదం నుంచి వచ్చిన ఉత్తరం చూపిస్తారు. అది అసలుదేనా అని చరిత్రకారులు అనుమానించారు. పైగా అలాంటి పిజ్జా నేపుల్స్‌లో అంతకుముందే ఉంది. బేసిల్ అంటే వేరే ఏదో కాదు, మన సబ్జా గింజల మొక్కే.

మరొకరు: అస్సాంలో తిన్‌సుకియా జిల్లాలో మార్గెరిటా అని ఊరుంది కదన్నా, బొగ్గు గనుల దగ్గర. అదీ ఈవిడదేనా?

జవాబు: ఈవిడదే. అక్కడ రైలు మార్గం వేసిన ఇటలీ ఇంజినీరు గౌరవార్థం వాళ్ల రాణి పేరు పెట్టారు. ఇటలీలో ఉప్పు మడులున్న ఒక ఊరికీ, ఆల్ప్స్‌లో 4,554 మీటర్ల ఎత్తున ఉన్న విడిదికీ ఆ పేరే. ఆ విడిదికి 1893లో తనే ఎక్కి వెళ్లింది, ఒక రాత్రి ఉంది కూడా.

ఇంకొకరు: మరీ ఆకాశానికెత్తకండి. ముస్సోలినీని సమర్థించిన మనిషి.

జవాబు: కాదనను. 1900లో మోంజాలో భర్తను అరాచకవాది బ్రెషీ కాల్చి చంపాడు. అంతకు రెండేళ్ల ముందు మిలాన్‌లో జనంమీద ఫిరంగులు పేల్చిన సైన్యాధికారికి రాజు పతకమిచ్చాడన్న కోపం అతనిది. రాణి మాత్రం చివరిదాకా గట్టి చెయ్యి కావాలనే పక్షమే. 1926లో బోర్డిగేరాలో పోయేనాటికీ ఫాసిస్టులంటే అభిమానమే. కార్దూచ్చి పుస్తకాలు, ఇల్లు కొని బొలోన్యా నగరానికిచ్చిందీ ఆవిడే. వికీలో వ్యాసం రాసేవాళ్లు రెండూ రాయండి.