రషీద్ పాషాను సాలార్‌జంగ్‌తో ఎక్కడిదాకా పోల్చొచ్చు?

అశోక్‌నగర్_మెయిన్స్: హైదరాబాద్ దివాన్ (ప్రధానమంత్రి) సాలార్‌జంగ్ సంస్కరణల జవాబులో టర్కీ తంజీమాత్‌తో (పంతొమ్మిదో శతాబ్దపు ఒట్టోమన్ సంస్కరణలు) పోలిక పెడదామనుకుంటున్నా. ‘ముస్తఫా రషీద్ పాషా 1839లో ప్రధాన వజీరుగా సంస్కరణల ఫర్మానా (సుల్తాన్ ఆజ్ఞ) తెచ్చి, శిస్తు గుత్తలు (పన్ను వసూలును కాంట్రాక్టుకివ్వడం) రద్దు చేశాడు’ అని నోట్స్‌లో ఉంది. ఇలాగే రాసేయొచ్చా?

పాత_దస్త్రం: వద్దండీ. 1839 నవంబర్ 3న గుల్హానే తోటలో ఫర్మానా చదివి వినిపించింది ఆయనే, కానీ అప్పటికి విదేశాంగ మంత్రి. ప్రధాన వజీరు హుస్రేవ్ పాషా. రషీద్‌కు ఆ పదవి 1846లో దక్కింది, తర్వాత ఊడుతూ వస్తూ మొత్తం ఆరుసార్లు. 1856లో వచ్చిన మరో సంస్కరణ ఫర్మానా ఆలీ పాషా హయాంలోది, దాన్నీ ఈయన ఖాతాలో వేయకండి. రషీద్ దాన్ని తప్పుపట్టాడు కూడా.

మాల్‌గుజారీ: పోలికకు అసలు సరుకు గుత్తల దగ్గరే ఉంది. 1840లో గుత్తేదార్లను తీసేసి జీతగాళ్లైన ముహస్సిళ్లను పంపారు (మన ‘మహసూలు’కు చుట్టమే ఈ మాట). గుత్తేదారు ముందుగానే రొక్కం కట్టేవాడు, అది ఆగిపోయింది. కొత్తగా వచ్చినవాడికి ఊరు తెలీదు, లెక్కలు స్థానిక పెద్దల చేతిలో. పదోవంతు పన్ను ధాన్యంగా వస్తే నిల్వ చేయడం, అమ్మడం సర్కారు నెత్తినే పడ్డాయి. ఖజానా బోసిపోయింది. అదే ఏడు తెచ్చిన ‘కైమే’ నోట్లేమో చేత్తో రాసినవి, దొంగనోట్లు సులువుగా పుట్టుకొచ్చాయి. 1842కి మళ్లీ గుత్తలే! సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యాడు, జిల్లాబందీ (రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టడం) 1865లో. తాకట్టులో ఉన్న తాలూకాలను ముందు విడిపించుకుంటూ వచ్చాడు. ఇక్కడ దివాన్ అయ్యాక పన్నెండేళ్లకు, అక్కడ ఫర్మానా వచ్చిన ఏడాదికే పద్ధతి మార్చారు. తేడా ఇక్కడ చూపించండి.

అశోక్‌నగర్_మెయిన్స్: థాంక్సండీ. 1838 బల్తా లిమాన్ ఒప్పందం (టర్కీ-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం) కూడా కలపాలా?

పాత_దస్త్రం: ఒక్క వాక్యం చాలు. దిగుమతి మీద 5 శాతం, ఎగుమతి మీద 12 శాతం సుంకం, గుత్తాధిపత్యాలు రద్దు. అంకెలు తిరగేయకండి, సొంత సరుకు మీదే ఎక్కువ పడింది. సుల్తాన్‌కు ఎదురుతిరిగిన ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ ఆదాయం ఆ గుత్తాధిపత్యాల మీదే నడిచేది. ఆయన్ను దెబ్బకొట్టి, బ్రిటన్‌ను తమవైపు తిప్పుకోవడానికి రషీద్ ఒప్పుకున్న బేరం ఇది. మరుసటేడు నిజిప్‌లో టర్కీ ఈజిప్టు సేన చేతిలో ఓడినా, 1840లో బ్రిటన్ అండగా నిలిచింది. సాలార్‌జంగ్‌కు ఇలాంటి బేరమాడే వీల్లేదు, పక్కనే బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ.